రంగు వెయ్యని గది

“ఈ ఒక్క గదికీ రంగు వెయ్యలేదేం?” అంటూనే పెట్టుబడి పెట్టడానికి వచ్చినావిడ పమిటతో మొహం తుడుచుకుంది. పైకప్పు రేకులకు ఎండ వేడిని ఆపే తెల్లరంగు వేసిన పక్కగది చల్లగా ఉంది. ఇక్కడ ఊపిరాడడం లేదు.

“తేడా తెలియాలనండీ,” అంది ఆ రంగు తయారుచేసిన అమ్మాయి. నిరుడు ఎండలకు వాళ్లమ్మ పోయింది ఈ గదిలోనే. పోల్చి చూడ్డానికి ఒకటుండాలిగా అని నాన్నే దీన్ని వదిలెయ్యమంటే ఆమె నమ్మింది.

“మంచి పని చేశారు. ఈ తేడా చూస్తే మావాళ్లు కాదనరు. వేసవి వెళ్లేదాకా ఇలాగే ఉంచండి.”

“ఉంచుతాం తల్లీ. నేనెటూ ఇక్కడే ఉంటాను,” అన్నాడు నాన్న.

మంచం మీద ఓ వారగా కూర్చుని ఉన్నాడాయన. ఒళ్లంతా చెమటలు. చేతిలోని విసనకర్రను మాత్రం పక్కన ఖాళీగా ఉన్న దిండు వైపే విసురుతున్నాడు.

అమ్మాయి ఆ దిండు వైపు చూసింది.

“ఉంచనండీ. ఇప్పుడే వేసేస్తాను.”

“రుజువు లేకపోతే డబ్బు రాదమ్మా!”

“రాకపోతే పోనివ్వండి.”

రంగు డబ్బా తీసుకుని నిచ్చెనెక్కింది. రేకు మీద బ్రష్ పెట్టగానే కింద కిటికీలోంచి నాన్న కేక వినిపించింది.

“ఆగమ్మా! మీ అమ్మ ఇంకా లోపలే ఉంది!”

ఆమె బ్రష్ ఆపింది. “అమ్మ కోసమే వేస్తున్నా నాన్నా.”

నాన్న కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకి చూశాడు.

“అయితే ముందు తూర్పు మూల వెయ్యి,” అన్నాడాయన. “తన తల అటే ఉంటుంది.”