సున్నాల పేజీ

గంగాధర్ పేజీని చూసినవాళ్ల సంఖ్య మళ్లీ పెరిగింది.

లెక్కల మాస్టారు లక్ష్మీపతికి కడుపు రగిలిపోయింది. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే బడి వెనకే ఉన్న ఇంటికి పరుగున వచ్చి, చెప్పులైనా విడవకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చూస్తే ఇదీ సంగతి.

“ఏముండాది సుశీలా దాంట్లో? నల్లమాడలో వాన సున్నా. విడపనకల్లులో సున్నా. మన బుక్కరాయసముద్రంలో సున్నా. జూలై అంతా సున్నాలే! సున్నాలు చూసేకి ఇంత ఎగబడతారా జనం?”

“వాన కోసం మొగం వాచిపోయుండారు. చూడరా మరి?” అంది భార్య సుశీలమ్మ చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తూ.

గంగాధర్ అదే బడిలో సైన్సు మాస్టారు. వయసులో చిన్నవాడు, ‘అన్నా అన్నా’ అంటూ వెంట తిరిగేవాడు. మండలాలవారీగా వాన లెక్కలు చెప్పే పేజీ ఒకటి తయారుచేసి, తన ఇంటి కంప్యూటరులోనే పెట్టుకున్నాడు. దాన్ని ఏ ఊరి కంప్యూటరులో కొట్టినా కనబడేలా చేశాడు. పెట్టిన మొదటి రోజే తెరుచుకుంది. లక్ష్మీపతి బాధంతా అక్కడే మొదలైంది.

తనూ పెట్టాడు, పదో తరగతి లెక్కల పేజీ. ఇంట్లో బ్రహ్మాండంగా తెరుచుకునేది. బస్సెక్కి అనంతపురం పోయి ఇంటర్నెట్ సెంటరులో కొడితే తెల్లమొహం వేసేది. ఇంటికి రావడం, మోడెంలో ఏదో మార్చడం, మళ్లీ బస్సెక్కడం. “ఏం సార్, ఏమన్నా మర్చిపోయినారా?” అని కండక్టరు అడిగేదాకా వచ్చింది. మూడు వారాలు తిరిగాక తెలిసింది, తన ఇంటి కనెక్షనుకు ఉండే నంబరు రోజుకోటి మారిపోతోందని. టెలిఫోను ఆఫీసులో అర్జీ పెట్టి మారని నంబరు తెచ్చుకున్నాడు. సుశీలమ్మ దాన్ని కాగితం మీద రాసి, పసుపూ కుంకుమా పెట్టి, మానిటరు నెత్తిన అంటించింది. జనం కొట్టేది పేజీ పేరే కాబట్టి ఆ నంబరు ఇంట్లో వాళ్లిద్దరికే తెలుసు.

పేజీ తెరుచుకుంది గానీ జనం రాలేదు. ఇంటి నుంచి తాను తెరిచినవి లెక్కలోకి రాకుండా ముందే కట్టుదిట్టం చేసుకున్నాడు. దొంగ లెక్కలు అతనికి గిట్టవు. చూసినవాళ్ల సంఖ్య నలభై ఒకటి దగ్గర చతికిలబడింది.

సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరు సోమశేఖర్ స్టాఫ్‌రూంలో ఒక మాట అన్నాడు.

“ఆగస్టు పదిహేనుకు కలెక్టర్ సారు ముందర మన బడి తరపున ఒక్కటే చూపించాల. పన్నెండో తేదీకి ఎవరి పేజీ ఎక్కువసార్లు చూసుంటే వాళ్లే స్టేజీ ఎక్కుతారు. సరేనా?”

ఇరవై రెండేళ్ల సర్వీసులో లక్ష్మీపతి స్టేజీ ముందు కుర్చీలు వేయించాడే తప్ప, ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కలేదు. ఈసారి ఎక్కాలి. ఎక్కి తీరాలి. నిన్నగాక మొన్న సర్వీసులో చేరిన గంగాధర్ ఎక్కుతుంటే కింద కూర్చుని చప్పట్లు కొట్టడం తన వల్ల కాదు.

అప్పట్నుంచి తిండి సయించలేదు. పళ్లు తోముకుంటూ గంగాధర్ పేజీ చూసేవాడు. సంగటి ముద్ద చేత్తో పట్టుకుని చూసేవాడు. స్నానానికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి. ఆదివారమైతే కుర్చీ దిగేవాడే కాదు. ఎప్పుడు చూసినా ఆ దిక్కుమాలిన సంఖ్య పెరిగే ఉండేది.

“కొన్నాళ్లు దాని జోలికి పోకుండా ఉండరాదా?” అంది సుశీలమ్మ.

“నేను చూడకుంటే తగ్గుతాదా ఏమి?” అని కసిరాడు.

పన్నెండో తేదీ రానే వచ్చింది. గంగాధర్‌ది వెయ్యిన్నూట అరవై మూడు. లక్ష్మీపతిది నలభై ఒకటి. హెడ్మాస్టరు గంగాధర్ పేరు రాసుకున్నాడు. లక్ష్మీపతి పళ్లు బిగబట్టి నవ్వి, చేయి కలిపి, నేరుగా ఇంటికొచ్చి తన పేజీని పీకి పారేశాడు.

సాయంత్రం గంగాధర్ మైసూర్‌పాకు పొట్లంతో వచ్చాడు. గెలిచిన కళ మొహంలో లేదు.

“అన్నా, ఒక తిరకాసు పడింది. యాడాడి నుంచి చూస్తాండారో కలెక్టర్ సారుకు రాసియ్యమన్నాడు హెడ్మాస్టరు. ఇంతవరకు ఆ చిట్టా నేనెప్పుడూ విప్పి చూడలేదు. ఈ పొద్దు చూస్తే, ఊరూవాడా కలిసి చూసింది ఏడు సార్లు. మిగిలిందంతా ఒకే కనెక్షను నంబరు నుంచే!”

లక్ష్మీపతి ప్రాణం లేచొచ్చింది.

“అట్లా చెప్పప్పా! ఎవుడో పనిగట్టుకుని కొట్టినాడు. వాడెవుడో కనుక్కుని అందరి ముందర నిలబెట్టాల!”

“హెడ్మాస్టరూ అదే అంటాండాడన్నా. వాన కోసం ఇంతగా తపించే మనిషిని కలెక్టర్ సారు చేతే స్టేజీ మీద శాలువా కప్పిద్దామన్నాడు. నంబర్ల సంగతి నీకే బాగా తెలుసు. ఎవురిదో చెప్పన్నా” అని గంగాధర్ జేబులోంచి చీటీ తీసి టేబులు మీద పెట్టాడు.

మంచినీళ్లు తెచ్చిన సుశీలమ్మ ఆ చీటీలోని అంకెల్ని, మానిటరు నెత్తినున్న అంకెల్ని ఒకటికి రెండుసార్లు పోల్చి చూసి, “నంబరు మనదే, ఇస్త్రీ చొక్కా తీసిపెడతా” అంది.