ఒళ్ళు వెచ్చగా ఉంది

"నీ ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా."

ఆస్పత్రి వరండాలో పక్కన కూర్చున్న పెద్దావిడ ఆ మాట అనేసరికి బేకరీ అమ్మాయి చెయ్యి దగ్గరికి లాక్కుంది.

ఇరుకు బల్ల. మోచేతులు తగలక తప్పదు. అంతమాత్రాన ఒళ్ళు ఎలా ఉందో చెప్పాలా?

"పొయ్యిల దగ్గర పనండీ. ఎప్పుడూ ఇంతే."

అబద్ధమేం కాదు. కేకుల మీద క్రీముతో పువ్వులు వెయ్యడం ఆమె పని. గోడకి అవతల పొయ్యిలు మండుతూనే ఉంటాయి.

"పొయ్యి వేడి పొయ్యి దగ్గరే దిగిపోవాలి కదా. ఇక్కడిదాకా ఎందుకొచ్చింది?"

ఆమె ఫోనులో టైము చూసుకుంది.

ఆమెకి క్రోన్స్ అనే పేగుల జబ్బు. ఏళ్ళుగా దానితో కాపురం చేస్తోంది. ఈ మధ్య అది కాస్త అదుపులోనే ఉంది. ఇవాళ వచ్చింది మందుల చీటీ తిరగరాయించుకోవడానికే. అక్కడ దుకాణంలో పెళ్ళి కేకు సగంలో ఆగి ఉంది.

"దేనికొచ్చావు తల్లీ?"

"పేగులకి."

పెద్దావిడ ఆమె వైపు పూర్తిగా తిరిగింది.

"సాయంత్రమయ్యేసరికి కాస్త చలిగా అనిపిస్తోందా?"

అనిపిస్తోంది. కొన్నాళ్ళుగా దుప్పటి కప్పుకున్నా తగ్గడం లేదు. అలసట అనుకుంది.

"లేదు," అంది.

"స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నావా?"

"అవన్నీ మీకెందుకండీ?"

"అవి జ్వరాన్ని పైకి రానివ్వవమ్మా. లోపల చీము పట్టినా ఒళ్ళు కాస్త వెచ్చబడి ఊరుకుంటుంది. చాప కింద నీరులా వస్తుంది."

ఇంతలో ఫోను మోగింది. దుకాణం నుంచి.

"అక్కా, ఎక్కడున్నావ్? పెళ్ళివాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఓనరు నన్ను తినేస్తున్నాడు."

"వచ్చేస్తున్నా. మల్లెపూల వరస ముట్టుకోకు."

ఫోను పెట్టి చూస్తే పక్కన ఎవరూ లేరు. పెద్దావిడ అప్పటికే నర్సుని వెంటబెట్టుకుని వస్తోంది.

ఇదెక్కడి గొడవరా దేవుడా అనుకుంటూ బేకరీ అమ్మాయి నోరు తెరిచింది. థర్మామీటరు పెట్టింది నర్సు.

"తొంభై తొమ్మిదిన్నర. ఇదేం జ్వరం? ఎండలో వచ్చినా ఇంతుంటుంది."

"మామూలుగా ఆ అమ్మాయికి ఎంతుంటుందో అడుగమ్మా."

నర్సు అడగకపోయినా చూపు అడిగింది.

"తొంభై ఏడు. కాస్త అటూ ఇటూ," అంది బేకరీ అమ్మాయి విసుగ్గా.

"చూశావా, తన లెక్కన అది జ్వరమే," అంది పెద్దావిడ.

బేకరీ అమ్మాయి లేచి సంచీ భుజాన వేసుకుంది.

"నాకు పనుందండీ. మీరూ ఏదో పనుండే వచ్చుంటారు. ముందు అది చూసుకోండి."

వరండాలో కొందరు నవ్వారు. పెద్దావిడకి కోపం రాలేదు. నేరుగా వెళ్ళి డాక్టరు గది తలుపు తోసింది.

డాక్టరు చిరాగ్గా బయటికొచ్చాడు. బేకరీ అమ్మాయిని గదిలోకి పిలిచి పడుకోబెట్టి, పొట్టకి కుడివైపు కింద నొక్కి వదిలాడు.

"అమ్మా," అంది ఆమె, పళ్ళు బిగబట్టి.

డాక్టరు ముఖంలో చిరాకు పోయింది.

"వెంటనే స్కాన్ తియ్యాలి."

"ఇవాళ ఖాళీ లేదు సార్," అంది నర్సు. "ఉన్నది ఒక్క మిషను. బయటున్న వాళ్ళందరివీ అర్జంటు కేసులే. రేపు మొదట వీళ్ళది పెడతాను."

డాక్టరు ఏదో అనబోయేలోగా అవతలి వార్డు నుంచి పిలుపొచ్చింది. ఆయన పరుగెత్తాడు.

బేకరీ అమ్మాయి బయటికొచ్చేసరికి పెద్దావిడ స్కాన్ గది గుమ్మంలో నిలబడి ఆపరేటరుతో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అతను మొదట తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అతని చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి అతను బయటికొచ్చి బేకరీ అమ్మాయిని పిలిచాడు.

"ఎవరో లోపలివాళ్ళ చుట్టమై ఉంటుంది," అంది వరసలో ఒకామె. "పలుకుబడి ఉంటే కొండ మీది కోతైనా దిగొస్తుంది."

బేకరీ అమ్మాయీ అదే అనుకుంది. ఆవిడ ముఖం చూడకుండా, థాంక్స్ అయినా చెప్పకుండా లోపలికి వెళ్ళింది.

పేగు పక్కన చీముగడ్డ కనిపించింది. పొద్దు వాలకముందే ఆపరేషన్ చేశారు.

"రేపటిదాకా ఆగి ఉంటే గడ్డ పగిలి కడుపంతా విషమయ్యేది," అన్నాడు డాక్టరు, ఆమెకి తెలివొచ్చాక.

ఆ మాట ఆమెని పడుకోనివ్వలేదు. వరండాలో అందరి ముందూ తను విసిరిన మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

నడవగలిగిన రోజున గోడ పట్టుకుని స్కాన్ గదికి వెళ్ళింది.

"ఆ రోజు నన్ను లోపలికి పంపించిన పెద్దావిడ మీ చుట్టమా?"

"నాకా?" ఆపరేటరు ఆశ్చర్యంగా చూశాడు. "ఆవిడకి ఈ ఆస్పత్రిలో ఎవరూ తెలీదమ్మా."

"మరి ఎవరికి తోడొచ్చారు? ఇల్లెక్కడో తెలుస్తుందా? ఒక్కసారి కాళ్ళకి దండం పెట్టుకోవాలి."

అతను చేతిలో పని పక్కన పెట్టాడు.

"ఆవిడ లేరమ్మా. మర్నాడు తెల్లారి తీసుకొచ్చారు. అప్పటికే పేగు పగిలిపోయింది. మీ జబ్బే."

ఆమెకి అర్థం కాలేదు.

"ఆవిడకి జబ్బా? నాకు చెప్పలేదే. మరి ఆవిడెందుకు స్కాన్ తీయించుకోలేదు?"

ఆపరేటరు ఆమెని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఆ రోజు నేను పిలవాల్సింది ఆవిడ పేరేనమ్మా."