ఇసుకదిబ్బ మీది కేక

జనగామ నుంచి వచ్చిన శృతి, ఆమె భర్త కరుణాకర్ మహదేవపూర్ దగ్గర గోదావరి నడుమనున్న ఇసుకదిబ్బ చూడబోయారు. అచ్చం సముద్రపు ఒడ్డులా ఉందని మురిసి, పొద్దుగూకేదాకా అక్కడే ఉండిపోయారు. చీకటి పడ్డాక పడవ నడిపే వీరస్వామి వారికోసం వచ్చాడు. కరుణాకర్ ముందుగా ఎక్కి, ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. శృతి అతని వెనక కూర్చుంది.

పడవ కొంతదూరం సాగాక దిబ్బ మీదినుంచి కేక వినిపించింది.

"శృతీ, జర ఆగుండ్రి. నేనింక ఎక్కలే."

అది కరుణాకర్ గొంతే. వీరస్వామి తెడ్డు ఆపాడు.

"గక్కడున్నదెవరు బిడ్డా?"

శృతి దిబ్బ వైపు చూసింది. ముందున్న మనిషి భుజం తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

అతను తల తిప్పలేదు. అదే గొంతుతో, మెల్లగా అన్నాడు.

"పడవ పోనియ్ అన్న."