త్రీ పాయింట్ వన్ ఫోర్

"తలుపు తీసుంటే ఏమైతది? పిల్ల నా కండ్ల ముందుంటది గద!" వసంత మళ్లీ తలుపు తీసింది.

"తీసుంటే నీ ధ్యాసంతా దాని మీదనే ఉంటది. అమ్మ చూసుకుంటది తీ." సంతోష్ మళ్లీ వేశాడు.

బోరబండలోని ఆ ఇంట్లో కొన్నాళ్లుగా ఇదే తగవు. సాయంత్రం కాగానే సంతోష్ భార్యను పడకగదిలో కూర్చోబెట్టి, చేతికి ఒక కాగితం ఇస్తాడు. దాని నిండా అంకెలు, కొలతలు, లెక్కలు. వాటిని ఆమె ఇంగ్లిష్‌లో పైకి చదవాలి.

బాచుపల్లిలో వాళ్లు సీటు అడిగిన స్కూలు పద్ధతే అంత. పిల్లను పేరూ, అమ్మానాన్నల పేర్లూ అడిగి వదిలేస్తారు. అసలు పరీక్ష తల్లిదండ్రులకు. ఇంట్లో లెక్కలు ఇంగ్లిష్‌లో చెప్పలేని తల్లి ఉంటే పిల్ల వెనకబడుతుందని అక్కడి వాళ్ల నమ్మకం.

పోయిన నెల ఇంకో స్కూల్లో కూతురు పింకీకి సీటు వసంత వల్లే పోయింది. 3.14ను ఆమె "త్రీ పాయింట్ ఫోర్టీన్" అని చదివింది. అక్కడి మేడమ్ పెన్నుకు మూత పెట్టేసింది, అంతే. ఆ టక్కుమన్న చప్పుడు వసంత చెవిలోంచి ఇంకా పోలేదు.

"టూ బై త్రీ" అని చదివింది ఇప్పుడు, 2/3ను.

"టూ థర్డ్స్. మొద్దు మొహమా, ఎన్నిసార్లు చెప్పాలె?"

సంతోష్ హైటెక్ సిటీలో ఒక ఆఫీసుకు సెక్యూరిటీ సూపర్‌వైజర్. రోజంతా వాకీటాకీలో బండ్ల నంబర్లు ఇంగ్లిష్‌లో గడగడా చదివే మనిషి.

"జర మెల్లగ చెప్పు. తెలుగుల అయితే లెక్కలల్ల నేనే ఫస్టు, తెలుసా?"

"తెలుగుల ఫస్టొచ్చి ఏం జేస్తవు? ప్రవళికను చూడు. గీ కాయితం ఇస్తే పల్లీలు తిన్నట్టు చదివి పారేసింది."

ప్రవళిక సంతోష్ తమ్ముడు స్వామి భార్య. మేడ మీద పోర్షన్‌లో ఉంటారు. మాదాపూర్‌లో ఆమెకు ఫోన్‌లో ఇంగ్లిష్ మాట్లాడే ఉద్యోగం. తలుపు పడగానే అత్త కొమురమ్మ పింకీని ఎత్తుకుని ఆమె దగ్గరికే మెట్లెక్కుతుంది.

ఒకనాడు పింకీ కిందికి దిగివచ్చేసరికి మూతి నిండా చాక్లెట్ ఉంది.

"ఏం నేర్చుకున్నవే మీద?" అని అడిగింది వసంత, కొంగుతో తుడుస్తూ.

పింకీ నోటి మీద వేలేసుకుంది. "చెప్తే పిన్ని చాక్లెట్ ఇయ్యదు."

"పాటనే తల్లీ, ఇంటర్వ్యూల పాడతది" అంది కొమురమ్మ. "నువ్వు నీ లెక్కలు చూస్కో, ఫో."

వసంత చూసుకుంది. పాల ప్యాకెట్ కత్తిరిస్తూ "ఫైవ్ హండ్రెడ్ మిల్లీలీటర్స్" అనుకుంది. బియ్యం బస్తా మూతి విప్పుతూ "ట్వంటీ సిక్స్ కిలోగ్రామ్స్" అనుకుంది. కూర మాడితే కొమురమ్మ తిట్టింది. ఆ తిట్టు వినబడనే లేదు. స్నానాల గదిలో నీళ్లు పోసుకుంటూ కూడా ఎక్స్ స్క్వేర్డ్, వై క్యూబ్డ్.

మధ్యలో సంతోష్ స్కూల్లో ఇవ్వడానికి ఆమె ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకొచ్చాడు. ఫొటో ఉన్నచోట నల్లటి మరక.

"నా మొకమే కనవడ్తలేదు, మళ్ల తీపియ్యరాదు?"

"పేరు కనవడ్తుంది గద, చాలు. ఫికర్ చెయ్యకు."

ఇంటర్వ్యూ ముందురోజు ఆదివారం. అందరూ కింద హాల్లో ఉండగా వసంత తనే కాగితం తెచ్చి నిలబడింది.

"ఇగ వినుర్రి."

త్రీ పాయింట్ వన్ ఫోర్. టూ థర్డ్స్. ఫైవ్ సెంటీమీటర్స్ బై త్రీ సెంటీమీటర్స్. ఎక్స్ స్క్వేర్డ్ ప్లస్ టూ ఎక్స్ వై. పది లక్షల దగ్గర ఒక్క క్షణం ఆగింది. సంతోష్ కనుబొమ్మ లేచింది. "వన్ మిలియన్" అంది వసంత.

ఒక్క తప్పు లేదు.

"అరె, వదినె దంచి పడేసింది!" స్వామి చప్పట్లు కొట్టబోయి, పెళ్లాం మొహం చూసి చేతులు దించుకున్నాడు. ప్రవళిక కాలి మెట్టె తిప్పుకుంటూ, "మంచిగ చదివినవ్ అక్కా" అంది, తలెత్తకుండా.

వసంత ఇస్త్రీ చేసిన చిలకాకుపచ్చ చీర తెచ్చి కుర్చీ మీద వేసింది. "రేపు గిది కట్టుకుంట. పింకీని ఒళ్లె కూసోవెట్టుకోని చదువుత. అప్పుడైతే నాకు భయం గాదు."

కొమురమ్మ లేచి టీవీ ఆపింది. సంతోష్ వసంత చేతిలోని కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. అందరికీ వినబడేలా, గొంతు పెంచకుండా చెప్పాడు.

"రేపు నువ్వు ఇంట్లనే ఉండు వసంతా, గా స్కూల్ల వసంత అంటే ప్రవళికనే, నిన్ను రూంల పెట్టి తలుపేసినప్పుడల్లా మీద పింకీకి నేర్పిచ్చింది ఆమెను మమ్మీ అనుడే."