మట్టి అంటని బూట్లు

"కడిగిన గచ్చు మీదకి బూట్లతో వచ్చేస్తారా?" వడ్డిస్తూ గదమాయించింది భార్య.

"మట్టి లేదులే, తల్లీ!"

ఆమె గరిటె ఆగింది. కంచం పక్కనే, ఊరుమ్మడి బీడు మీదుగా వెయ్యబోయే కరెంటు లైనుకు ఆయన రాసిన పర్యావరణ నివేదిక ఉంది. 'నడిచి చూశాను. లైను దారిలో ఏమీ లేదు.' రేపు ఆయన దాని మీద సంతకం పెడితే స్తంభాలకు గోతులు తవ్వుతారు.

"వారంగా వాన. మట్టి అంటకుండా ఎలా నడిచారు? గాల్లోనా?"

ఆయన తల దించుకున్నాడు. "బీడు గట్టు దాకా జీపులో వెళ్ళాను. దిగి కాలు కింద పెట్టలేకపోయాను. మన పాపని పూడ్చింది ఆ బీడులోనే కదే."

ఆమె కూర్చుండిపోయింది. ఆరేళ్ళుగా పాప దగ్గరికి ఒక్కతే వెళ్ళి వస్తోంది, ఆయన మరిచిపోయాడనుకుని.

ఆయన కంచం పక్కకి జరిపాడు. "సంతకం పెట్టను. రేపు ఆ దారంతా నడిచి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నువ్వు ముందు నడువు."