స్ట్రాటిస్ గుప్పిట

"నెమ్మదిగా తవ్వవయ్యా, అక్కడున్నది మా అన్నయ్య, బంగాళాదుంపలు కావు," అంది దెస్పినా.

సమాధులు తవ్వే మనిషి పార పక్కన పెట్టి, చేతులతో మట్టి తీయడం మొదలుపెట్టాడు. స్ట్రాటిస్ పోయి మూడేళ్లు నిండాయి. ఇక ఆ గ్రీకు దీవి ఆచారం ప్రకారం ఎముకలు పైకి తీసి, వైన్‌తో కడిగి, పెట్టెలో పెట్టి చర్చి వెనక గదిలో దాచాలి. దీవి చిన్నది. ఆ జాగా ఇంకొకరికి కావాలి మరి.

గాలి చల్లగానే వీస్తోంది. స్ట్రాటిస్ కొడుకు ఫోతిస్‌కు మాత్రం చెమటలు పడుతున్నాయి.

స్ట్రాటిస్‌కు పాత నాణేల పిచ్చి. ఎవరు ఏ నాణెం తెచ్చినా వేళ్ల మధ్య ఓసారి తిప్పి, అసలో నకిలీయో తేల్చేసేవాడు. పట్నం నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. మంచం పట్టాక నాణేలన్నీ మ్యూజియానికి ఇచ్చేశాడు, ఒక్కటి తప్ప. అది ప్రాచీన ఏథెన్స్ వాళ్ల వెండి నాణెం, ఒకవైపు దేవత ముఖం, రెండోవైపు గుడ్లగూబ; అందరూ దాన్ని గుడ్లగూబ అనే పిలిచేవాళ్లు. "దీన్ని నా గుప్పిట్లో పెట్టి మూయండి. నా ఎముకలతోనే ఉండాలి," అని అందరి ముందూ చెప్పాడు.

ఫోతిస్‌కూ అదే పిచ్చి, తండ్రి అంటించిందే. రెండువేల నాలుగువందల ఏళ్ల గుడ్లగూబ మట్టిపాలు కావడమా? ప్రాణం ఒప్పలేదు. రేవులో టూరిస్టులకు అమ్మే గుడ్లగూబ బిళ్ల ఒకటి కొని సిద్ధంగా ఉంచుకున్నాడు. తండ్రి పోయాక తల్లే నాణెం గుప్పిట్లో పెట్టి మూసింది. శవం దగ్గర ఎవరూ లేని కాసేపట్లో ఫోతిస్ ఆ గుప్పిట విప్పి, బిళ్ల పెట్టి, ఉన్నది తీసుకున్నాడు. కన్నీళ్లలో సరిగ్గా చూసింది కూడా లేదు. రుమాల్లో మూటగట్టి బీరువా అడుగున తోశాడు.

ఆ మూట మళ్లీ విప్పలేదు. విప్పాలంటే సిగ్గు. బీరువా దాకా వెళ్లేవాడు, తండ్రి చల్లటి వేళ్లు గుర్తొచ్చేవి, వెనక్కి వచ్చేసేవాడు.

దొంగబుద్ధికి ముందుచూపు ఉండదు. ఎముకలు మళ్లీ పైకొస్తాయని ఆ పూట అతనికి తట్టనే లేదు. ఇవాళ మూట జేబులో వేసుకొచ్చాడు. ఎముకలు కడిగే సందట్లో ఎలాగో మార్చేద్దామని ఆశ.

సందు దొరకలేదు.

"ఇదిగో, చెయ్యి," అన్నాడు తవ్వే మనిషి. వేళ్ల ఎముకల మధ్య బిళ్ల ఉంది, పాచి పట్టినట్టు పచ్చగా.

పాంతెలిస్ ముందుకొచ్చాడు. స్ట్రాటిస్‌కు చిన్ననాటి స్నేహితుడు, నాణేల్లో జీవితాంతం పోటీదారు. కళ్లజోడు పెట్టుకుని బిళ్లను గోటితో గీకాడు.

"వెండికి ఇంత పచ్చచిలుము పట్టదమ్మా దెస్పినా. లోపల ఇత్తడి. రేవు సరుకు." నవ్వు ఆపుకోలేకపోయాడు. "నా తేనెటీగ బొమ్మ నాణేన్ని నకిలీ అని కాఫీ హోటల్లో అందరి ముందూ తేల్చేసిన మనిషి. ఇదా ఆయనగారి గుడ్లగూబ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "మ్యూజియం వాళ్లకి కబురెట్టండ్రా, మిగతావీ ఓసారి గీకి చూసుకోమని," అన్నారు ఇంకెవరో.

దెస్పినా ముఖం మాడిపోయింది. ఫోతిస్ తల్లి మిర్సిని పక్కనే కూర్చుంది. ఆమె ఒళ్లో తెల్లగుడ్డ, అందులో భర్త పుర్రె. దాన్ని కడగడానికి ఆడపడుచుకు కూడా ఇవ్వలేదు.

ఫోతిస్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఊరుకుంటే గండం గడిచిపోతుంది. అతన్ని ఎవరూ అనుమానించడం లేదు. కానీ తండ్రి వెర్రివాడిగా పెట్టెలోకి వెళ్తున్నాడు. ఫోతిస్ చెవులు మండిపోయాయి.

"నాన్న మోసపోలేదు," అన్నాడు చివరికి. "అది నేను పెట్టింది. అసలుది నేను తీశాను."

మూట తీసి పాంతెలిస్ చేతిలో పెట్టాడు.

"నీకు నడక నేర్పిన చేతిలోంచా రా?" అంది మేనత్త. అతని వైపు వీపు తిప్పేసింది. తిట్టినా బాగుండేదనిపించింది ఫోతిస్‌కు.

పాంతెలిస్ మూట విప్పాడు. దాన్నీ పచ్చబిళ్లనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"చేత్తో కొట్టిన నాణేలు ఏ రెండూ ఒకేలా ఉండవు, నీకూ తెలుసు. వీటికి గుడ్లగూబ కాలి కింద ఒకే నొక్కు, దేవత చెంప మీద ఒకే గీత. రెండూ ఒక్క అచ్చులో పోసినవిరా ఫోతిస్. ఇదీ రేవు సరుకే."

ఫోతిస్ లాక్కుని చూశాడు. ఈ మూడేళ్లలో ఒక్కసారి చూసినా తెలిసిపోయేది. తండ్రి పరువు నిలబెడదామని నోరు విప్పి, తనదీ పోగొట్టుకున్నాడు, ఆయనదీ మిగల్చలేదు.

"అమ్మా, నాన్న నిజంగానే మోసపోయాడా?"

మిర్సిని గుడ్డ విప్పింది. దవడ దగ్గర గడ్డకట్టిన మట్టిని వేళ్లతో నలిపింది. దళసరి వెండి నాణెం ఒకటి, నల్లబడి, ఆమె అరచేతిలోకి జారింది.

"నీ కోటు జేబులో బిళ్ల నాకు కనబడ్డ రోజే మీ నాన్న అలాంటిదే ఇంకోటి నాచేత తెప్పించాడు," అంది కొడుకు వైపు చూడకుండా, "'ఇది గుప్పిట్లో పెట్టు, అసలుది నోట్లో పెట్టు, వాడు నా గుప్పిట విప్పుతాడు గానీ నోరు తెరవడానికి వాడికి చేతులు రావు' అన్నాడు."