వరస చెప్పే చెవిపోగు

ఎదుటి మనిషి తమకేమవుతారో, ఏమని పలకరించాలో చెవిపోగే చెబుతుంది కనుక, కాకినాడలో వరసలు గుర్తుపెట్టుకోవడం జనం ఎప్పుడో మానేశారు. ఆ ఉదయం నెట్‌వర్క్ పోయింది. ఇడ్లీ పళ్లెంతో వచ్చిన భార్య హైమవతిని చూసి భానుమూర్తి కంగారుగా లేచాడు.

"ఎవరండీ మీరు?"

పాతికేళ్ల కాపురం. ఆమెకు ఒళ్లు మండింది.

"పక్క ఫ్లాటండీ. మీ ఆవిడ రాత్రే పోయారు కదా, పాపం. అందుకని నేనే టిఫిన్ తెచ్చాను" అంది, అతని మొహంలోకి చూస్తూ.

అతను చెవి తడుముకున్నాడు. పోగు పలకలేదు. ఏడవాలో వద్దో తేలక, కూర్చుని ఇడ్లీ తుంచాడు.

"అలాగాండీ. చట్నీలో ఉప్పు తగ్గిందండీ."

అంతలో నెట్‌వర్క్ వచ్చింది. పోగు గుసగుసలాడింది.

"హైమా, నువ్వు లేకపోతే నేనొక్క పూట బతకలేనే!" అన్నాడు, నోటినిండా ఇడ్లీతో.